మన ఇంటి మాటలు – వాటి చరిత్ర

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ముస్లిం ఇండ్లలో మాట్లాడే ఉర్దూను కొందరు "బజారు మాట" అని తేలిక చేస్తారు. నక్కో, హల్లు, కైకు అనే మాటలు వింటే నవ్వేవారున్నారు. లక్నో వైపు నుండి ఎవరైనా చుట్టాలొస్తే మన పిల్లలు నోరు విప్పడానికే సిగ్గుపడుతున్నారు. నిజంగా ఇది చెడిపోయిన ఉర్దూయేనా? చరిత్ర చూస్తే కాదనే తెలుస్తుంది.

మన మాట పేరు దక్కనీ. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాదును రాజధానిగా చేసినప్పుడు సిపాయిలు, గుమాస్తాలు, సూఫీలు, చేతిపనివారు ఉత్తరాది నుండి వచ్చారు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. వారి భాష ఈ నేల మీదనే పెరిగింది. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా (మరణం 1612) ఈ భాషలోనే కవిత్వం వ్రాశాడు. 1635లో ముల్లా వజ్హీ "సబ్ రస్" అనే వచన గ్రంథం వ్రాశాడు. దక్కన్ కవి వలీ 1700లో ఢిల్లీ వెళ్ళిన తరువాతనే అక్కడి కవులకు ఈ భాషలో గజళ్ళు వ్రాయాలన్న ఆసక్తి హెచ్చింది. అంటే ఢిల్లీకి దారి చూపినది మన దక్కనీయే!

మన సీమ చరిత్ర కూడా దీనితో ముడిపడినదే. 1646లో గోల్కొండ సేనలు చంద్రగిరిని పట్టుకున్నాయి. తరువాత ఆర్కాటు నవాబుల ఏలుబడి వచ్చింది. 1782లో హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే. 1801లో ఆర్కాటు రాజ్యం కుంఫిణీవారి చేతికి పోయింది. పాలకులు మారారు గానీ దండులో, కచేరీలో, అంగడిలో నలిగిన మాట మాత్రం నిలిచింది.

ఇక కొన్ని మాటలు చూద్దాం. "నక్కో" అంటే వద్దు. ఇది మరాఠీ "నకో". "హల్లు" అంటే మెల్లగా. మరాఠీలో "హళూ". "మైఁచ్" (నేనే) అన్నప్పటి చివరి "చ్" కూడా మరాఠీదే. పుస్తకంలో "కితాబేఁ" అని ఉంటే మనం "కితాబాఁ" అంటాం. అది తప్పు కాదు, పాత దక్కనీ కావ్యాలలోని బహువచనమే.

తెలుగు పోలిక ఇంకా చిత్రం. "ఆతూఁ బోల్‌కే బోలా" అంటే "వస్తానని చెప్పాడు". "ఆయా సో ఆద్మీ" అంటే "వచ్చిన మనిషి". మాటలు ఉర్దూవి, కూర్పు తెలుగుది. బదులుగా తెలుగువారు మన మాటలు తీసుకుని కొత్త అర్థాలిచ్చారు. "సవాల్" అంటే ప్రశ్న, తెలుగులో సవాలు అంటే పందెపు పిలుపు. "రాజీనామా" అంటే ఒప్పుదల పత్రం, తెలుగులో ఉద్యోగం వదులుకోవడం. "హోషియార్" అంటే తెలివైనవాడు, తెలుగులో హుషారు అంటే ఉత్సాహం. ఇరుగుపొరుగుగా బ్రతికినవారి మధ్యనే ఇలాంటి ఇచ్చిపుచ్చుకోలు సాధ్యం.

బడిలో, పరీక్షలో పుస్తకపు ఉర్దూ తప్పక నేర్వాలి. దాని కోసం నానీ, దాదీల మాటను వెక్కిరించనక్కరలేదు. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వారితో మాటలూ పోతున్నాయి. ప్రతి ఇంటిలో ఒక నోటుబుక్కు పెట్టి, వారి నోట విన్న మాటను అర్థంతో సహా పిల్లల చేతనే వ్రాయించండి. సిగ్గు పోతుంది, మాట నిలుస్తుంది, ఇన్షా అల్లాహ్.