వలీమా టేబుల్‌కు ముదురు రంగులు: అందంగా రావాలంటే ఏం చూసుకోవాలి?

మొన్నటిదాకా మన ఫంక్షన్ హాళ్లలో టేబుల్ అంటే తెల్ల గుడ్డ, లేత గులాబీ రిబ్బను. ఇప్పుడు పెళ్లి పిల్లలు మెరూన్, ముదురాకుపచ్చ, వంకాయ రంగు, నలుపు అడుగుతున్నారు. ఫోన్‌లో ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కావాలి" అంటున్నారు. ఫొటోలో బాగున్నది హాల్లో బాగుంటుందన్న గ్యారంటీ మాత్రం లేదు.

మా బాజీ వలీమాలో అదే జరిగింది. డెకరేటర్ ముదురాకుపచ్చ శాటిన్ గుడ్డలు పరిచాడు. పైన వరసగా తెల్ల ట్యూబ్‌లైట్లు. శాటిన్ మీద లైట్లు గీతల్లా మెరిశాయి, మిగతాదంతా నల్లగా కనిపించింది. మా నానీ కూర్చుంటూనే "అరే బేటా, వలీమాకొచ్చామా, పుర్సాకొచ్చామా?" అంది. బాజీ మొహం వాడిపోయింది. తప్పు రంగుది కాదని తర్వాత తెలిసింది. గుడ్డ, వెలుతురు, ఈ రెండూ కుదరలేదు. మీ ఇంట్లో అలా కాకుండా ఉండాలంటే ఈ విషయాలు ముందే చూసుకోండి.

రంగులు మూడు చాలు

ఒకటి పరుపు రంగు, అంటే టేబుల్ మొత్తం కనిపించేది. రెండోది దానికి తోడు. మూడోది మెరుపు, అంటే ఇత్తడి రంగో, వెండి రంగో, ఏదో ఒక్కటే. మెరూన్‌కు తోడు వంకాయ రంగు, మెరుపుకు ఇత్తడి. ముదురాకుపచ్చకు తోడు మెరూన్ పూలు, మెరుపుకు ఇత్తడే. నలుపు పెట్టాలనుంటే దాన్ని పరుపుగా వాడకండి. రన్నర్‌కో, నాప్కిన్‌కో, పూలగిన్నెకో పరిమితం చేయండి.

ఈ రంగులు మనకు కొత్తవేం కాదు. పుట్టపాక తేలియా రుమాల్ ఎరుపు, నలుపు, తెలుపుల్లోనే ఉంటుంది. నూలును నూనెలో నానబెట్టి నేస్తారు కాబట్టే ఆ పేరు. దానికి 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. మచిలీపట్నం పక్కన పెడనలో అచ్చులతో అద్దే కలంకారీలో నలుపు రంగును ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టి తీస్తారు. బీదర్ బిద్రీ సామాను నలుపు మీద వెండి తీగ పని. జింకు, రాగి కలిపిన లోహాన్ని బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపి నల్లబరుస్తారు. ఇంట్లో పాత బిద్రీ పూలగిన్నె ఉంటే ఈ టేబుల్‌కు అంతకంటే మంచి వస్తువు దొరకదు. అందులో తినే వస్తువు మాత్రం పెట్టకండి, పులుపు అసలు తగలనివ్వకండి.

గుడ్డ: ఒకటి గరుకు, ఒకటి నునుపు

ముదురు రంగులో రంగు తేడాలు సరిగా కనిపించవు. కంటికి తెలిసేది గుడ్డ పోతే. అంతా శాటిన్ వేస్తే చీప్‌గా మెరుస్తుంది, అంతా మఖ్మల్ వేస్తే బరువుగా ఉంటుంది. కింద మెరుపులేని కాటన్, పైన మఖ్మల్ రన్నర్ వేసి, ఒకచోట జర్దోజీ పనో హిమ్రూ ముక్కో పెడితే సరిపోతుంది. అమ్మ పాత ఖడా దుపట్టా అంచు ఉన్నా బాగుంటుంది.

మఖ్మల్‌కు నూగు ఒకవైపు వాలి ఉంటుంది. ఒకవైపు నుంచి చూస్తే ముదురుగా, ఇంకోవైపు నుంచి లేతగా కనిపిస్తుంది. అందుకే అన్ని టేబుళ్ల మీదా ఒకే దిక్కుకు పరచమని చెప్పండి. సాలన్ నూనె, పసుపు మఖ్మల్ మీద పడితే పోవు. అద్దె గుడ్డ అయితే డిపాజిట్ కూడా పోతుంది. కాబట్టి మఖ్మల్ టేబుల్ మధ్యలోనే ఉండాలి, ప్లేట్ల కింద కాటనే ఉండాలి.

కొలత కూడా చూసుకోండి. 5 అడుగుల గుండ్రటి టేబుల్ అంటే అడ్డంగా 60 అంగుళాలు, ఎనిమిది మంది కూర్చుంటారు. ఎత్తు 30 అంగుళాలు. గుడ్డ నేల దాకా రావాలంటే 60కి రెండు వైపులా 30 చొప్పున కలిపి 120 అంగుళాల గుండ్రటి గుడ్డ కావాలి. ముదురు గుడ్డ పొట్టిగా ఉండి కింద ఇనుప కాళ్లు కనిపిస్తే మొత్తం పాడవుతుంది.

వెలుతురే అసలు పని

హాలు మేనేజర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న: "పైన తెల్ల లైట్లు ఆపి, పసుపు లైట్లు వేయొచ్చా?" బల్బు పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే వెచ్చని పసుపు వెలుతురు. 6500 అని ఉంటే తెల్ల వెలుతురు, అందులో మెరూన్ వాడినట్టు కనిపిస్తుంది. పై లైట్లు తగ్గించి ప్రతి టేబుల్ మీదా రెండు మూడు చిన్న దీపాలు పెట్టాలి.

మన టేబుళ్ల మీదుగా దుపట్టాలు, బురఖా చేతులు వెళ్తుంటాయి, పిల్లలు పరిగెడుతుంటారు. కొవ్వొత్తులు వద్దు. గాజు చిమ్నీలో బ్యాటరీ దీపాలు పెట్టండి. సువాసన కొవ్వొత్తులైతే అసలే వద్దు, బిర్యానీ వాసనతో కలిస్తే తల తిరుగుతుంది.

పూలు, పండ్లు

ముదురు ఎర్ర గులాబీలతో పాటు కోడిజుట్టు పువ్వు తెప్పించండి. చూడ్డానికి అచ్చం మెరూన్ మఖ్మల్‌లా ఉంటుంది. వాటి పక్కన నల్ల ద్రాక్ష, కోసిన దానిమ్మ, అంజీర్, ఖర్జూరం పెడితే అలంకరణకూ సరిపోతాయి, తర్వాత తినడానికీ పనికొస్తాయి. ఎత్తు ఒక అడుగు దాటకూడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహం కనపడాలి. నేల మీద చౌకీ భోజనం అయితే ఇంకా తక్కువ పెట్టండి. అక్కడ అందరూ పై నుంచి చూస్తారు కాబట్టి దస్తర్‌ఖాన్ గుడ్డే అసలు అలంకరణ.

ప్లేట్లు

నల్ల ప్లేట్లు ఫొటోకు బాగుంటాయి. కానీ హలీం, బగారా బైంగన్, ఖుబానీ కా మీఠా అందులో కలిసిపోతాయి. మీగడ రంగు ప్లేట్లు పెట్టి, కింద బంగారు రంగు పళ్లెం వేయండి. అసలు బంగారు, వెండి పాత్రల్లో తినడం, తాగడం హదీసుల్లో నిషేధం కాబట్టి అద్దెకు తెచ్చేవి స్టీలా, ఇత్తడా అని ఒక మాట అడగండి.

ఖర్చు లెక్క

240 మంది అంటే 30 టేబుళ్లు. ఒక్కోదానికి 500 రూపాయలు అదనం అనుకుందాం, 15,000 అవుతుంది. అలా కాకుండా మర్దానా, జనానా రెండు వైపులా ఒక్కో ముఖ్యమైన టేబుల్‌కు 3,000 పెట్టండి, 6,000. మిగతా 28 టేబుళ్లకు మెరూన్ నాప్కిన్, చిన్న పూలగిన్నె కలిపి 100 చొప్పున 2,800. మొత్తం 8,800. ఇవి లెక్క కోసం వేసిన రేట్లే, మీ ఊరి రేట్లు వేసుకుని చూడండి. అప్పు చేసి 30 టేబుళ్లకూ మఖ్మల్ పరిచినా, వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకునేది బిర్యానీనే.

చివరిగా ఒక మాట

వారం ముందు అదే హాల్లో, సాయంత్రం పూట, అవే లైట్ల కింద ఒక్క టేబుల్ పూర్తిగా వేయించండి. ఇంట్లో పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టండి. నలుపు వాళ్ల మనసుకు నచ్చకపోతే ఆ రన్నర్ తీసి మెరూన్ వేయడానికి అప్పటికి టైముంటుంది. మా నానీని ఒక రోజు ముందు తీసుకెళ్లి ఉంటే బాజీ వలీమా రోజు ఆ మాట వినాల్సి వచ్చేది కాదు.