నిర్మాట్రెల్విర్–రిటోనవిర్

పాక్స్‌లోవిడ్ పేరుతో ఫైజర్ తెచ్చిన కోవిడ్-19 జంట మందు ఇది. అమెరికాలో 2021 డిసెంబరులో అత్యవసర వినియోగానికి, 2023 మేలో పూర్తిగా అనుమతి పొందింది. వైరస్ వృద్ధికి అవసరమైన ప్రొటియేజ్ ఎంజైమును నిర్మాట్రెల్విర్ అడ్డుకుంటుంది. అయితే శరీరంలోని సీవైపీ3ఏ ఎంజైము దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైమును అణచడమే రిటోనవిర్ పని. అనేక ఇతర మందులను విచ్ఛిన్నం చేసేదీ అదే ఎంజైము. కాబట్టి వాటితో పొసగకపోవడం ఈ చికిత్సకు పైనుంచి అంటిన దోషం కాదు, దాని పనితీరులోనే ఉంది. కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలను దెబ్బతీయవచ్చు. అవయవ మార్పిడి రోగులు వాడే టాక్రోలిమస్ విషస్థాయికి చేరవచ్చు. క్షయ మందు రిఫాంపిసిన్ ఇందుకు విరుద్ధంగా ఆ ఎంజైమును పెంచి నిర్మాట్రెల్విర్‌నే నిష్ఫలం చేస్తుంది. రిఫాంపిసిన్‌ను ఆపినా ఆ ప్రభావం వెంటనే పోదు. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఇంత చిక్కున్న మందు ఎందుకన్న అభ్యంతరం సహజమే. టీకా తీసుకోని, ముప్పు ఎక్కువున్న రోగులకు లక్షణాలు మొదలైన 3 రోజుల్లోపు ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరికలు, మరణాలు కలిపి సుమారు 89 శాతం తగ్గాయి. అంతటి ప్రయోజనం ముందు, 5 రోజుల కోర్సు కోసం సిమ్వాస్టాటిన్‌ను తాత్కాలికంగా ఆపడం భారమేమీ కాదు. టాక్రోలిమస్ విషయంలో మాత్రం నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. ముప్పు తక్కువున్నవారిలో లక్షణాలు త్వరగా తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు. వారికి ఈ మందు అక్కర్లేదనడమే సబబు. వాడాల్సినవారు తాము వేసుకునే ప్రతి మందునూ ముందే వైద్యునికి చెప్పాలి.