విల్మ్‌కోట్ ఆర్డెన్లు ఎవరి వారసులు?

మా వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ అనగానే జనానికి గుర్తొచ్చేది షేక్‌స్పియర్ తల్లి మేరీ. ఆమె పుట్టింటి వంశం 1066 నాటి నార్మన్ దండయాత్రకు ముందే ఈ నేలను ఏలిన ఇంగ్లీషు దొరల దాకా పోతుందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇందులో సగం నిజం, సగం ఆశ. ఆర్డెన్ల పెద్ద కుటుంబం అంత పాతదన్న మాట రికార్డుల ముందు నిలబడుతుంది. విల్మ్‌కోట్‌లోని మేరీ పుట్టిల్లు ఆ కుటుంబం నుంచి చీలిన కొమ్మేనన్న మాట మాత్రం నిలబడదు.

ముందు నిలబడే సగం చూద్దాం. ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు మొదలైంది 1538లో, థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు అప్పటినుంచే వరసగా రాశారు. అంతకుముందు ఎవరు ఎవరి కొడుకో తేల్చాలంటే భూమి వెంట నడవాల్సిందే, ఎందుకంటే భూమి చేతులు మారినప్పుడే కాగితం పుట్టేది. ఆ దారిలో మొదటి మజిలీ 1086 నాటి డూమ్స్‌డే పుస్తకం. దండయాత్రకు ముందటి ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ ఊరు ఎవరిది, ఇప్పుడు ఎవరిది అని నార్మన్ రాజు విలియం అధికారులు ఊరూరా అడిగి రాయించిన లెక్క అది. దేశమంతటా ఇంగ్లీషు దొరల భూములు నార్మన్ల పరమైపోగా, మా జిల్లా పేజీల్లో మాత్రం థోర్కెల్ అనే ఇంగ్లీషువాడు డెబ్బైకి పైగా భూఖండాలకు హక్కుదారుగా కనిపిస్తాడు. ఇతని తండ్రి ఏథెల్‌వైన్ ఈ జిల్లాకు షెరీఫ్. రాజు దగ్గర నేరుగా ఇంత భూమి పొందిన ఇంగ్లీషువాళ్ళు ఆ పుస్తకం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. రెండేళ్ళకే, 1088లో, వార్విక్ ఎర్ల్ పదవి హెన్రీ ద బోమాంట్‌కు దక్కింది. థోర్కెల్ భూముల్లో ఎక్కువ భాగం ఆ ఎర్ల్ కిందికి పోయింది. అయినా కర్డ్‌వర్త్ వంటి చోట్ల అతని సంతతి ఎర్ల్‌కు లోబడిన భూస్వాములుగా మిగిలారు. హోదా పడిపోయింది గానీ వరస తెగలేదు. ఆ సంతతే ఆర్డెన్ల పెద్ద కుటుంబం. పద్నాలుగో శతాబ్దపు చివరి భాగానికి వాళ్ళు కాజిల్ బ్రామ్‌విచ్ పక్కనున్న పార్క్ హాల్‌కు చేరారు. విలియం డగ్‌డేల్ 1656లో అచ్చువేసిన ఈ జిల్లా చరిత్రలో ఈ వంశక్రమం ఉంది. భూమి, వారసులు ఒకే దారిలో నడిచారు కనుక దీన్ని నమ్మడానికి నాకు సందేహం లేదు.

విల్మ్‌కోట్ సంగతి వేరు. అక్కడి ఆర్డెన్ల గురించి గట్టిగా ఆధారపడదగ్గ తొలి కాగితం 1501 నాటి దస్తావేజు. థామస్ ఆర్డెన్, అతని కొడుకు రాబర్ట్ పక్కనున్న స్నిటర్‌ఫీల్డ్‌లో భూమి తీసుకున్నారని అందులో ఉంది. ఈ రాబర్టే మేరీ తండ్రి. 1502లో చనిపోయిన పార్క్ హాల్ వాల్టర్ ఆర్డెన్‌కు థామస్ అనే కొడుకు ఉన్నాడు కదా, ఆ థామసే ఈ థామస్ ఎందుకు కాకూడదు అంటారు. థామస్ ఆ రోజుల్లో వీధికొకడికి ఉండే పేరు. ఇక ఇంటిపేరంటారా, ఆర్డెన్ అన్నది ఏవన్ నదికి ఉత్తరాన ఉన్న అడవి సీమ పేరు. అక్కడినుంచి వలస వచ్చిన ఏ కాపుకైనా ఆ ఇంటిపేరు రావచ్చు. దస్తావేజులో రాబర్ట్ థ్రాక్‌మోర్టన్ వంటి పెద్దమనిషి పేరు ఉంది, కాబట్టి వీళ్ళూ పెద్దింటివాళ్ళే అన్నది మరో వాదన. భూమి హక్కు గట్టిపడాలని సీమలోని పెద్దల పేర్లు చేర్చుకోవడం అప్పట్లో మామూలే. దానివల్ల పరిచయం తేలుతుంది, రక్తసంబంధం తేలదు.

అందరూ ఎత్తిచూపే అసలు సాక్ష్యం 1599 నాటిది. షేక్‌స్పియర్ కుటుంబం తమ వంశచిహ్నం పక్కన ఆర్డెన్ల చిహ్నాన్ని కూడా చేర్చుకునే హక్కు కోరింది. ఆ హక్కుపత్రం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. దాన్ని రాసిన వంశచిహ్నాల అధికారి మొదట పార్క్ హాల్ ఆర్డెన్ల చిహ్నాన్నే గీశాడు, నల్లచుక్కల తెల్లని నేల మీద గళ్ళగళ్ళ అడ్డపట్టీ. తర్వాత దాన్ని కొట్టేసి, పక్కన చెషైర్ ఆర్డెన్ల శిలువ గుర్తుల చిహ్నం వేశాడు. పార్క్ హాల్ ఎడ్వర్డ్ ఆర్డెన్‌ను 1583లో రాజద్రోహం కింద ఉరితీశారు కనుక, భయంతో కొట్టేశారని కొందరి సమాధానం. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ భయమే కారణమైతే ఆర్డెన్ ప్రసక్తే మానుకునేవారు, దూరపు జిల్లాలోని ఇంకో ఆర్డెన్ల గుర్తును వెతికి తేవాల్సిన పనిలేదు. పార్క్ హాల్ కుటుంబం అప్పటికింకా ఉంది, మా చిహ్నం వీళ్ళకెందుకని అడగగలదు. చేతిలో రుజువు లేకనే అధికారి వెనక్కి తగ్గాడని నాకు తోస్తుంది. స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో కవి స్మారకం మీద ఉన్నది షేక్‌స్పియర్ చిహ్నం ఒక్కటే, ఆర్డెన్లది ఏదీ లేదు.

కాగితం దొరకనంత మాత్రాన బంధుత్వం లేదనగలమా? అనలేం. కానీ ఉందని చెప్పేవాళ్ళే రుజువు చూపాలి. ఊరిమాట ఎంత బలంగా ఉన్నా తప్పు కావచ్చని విల్మ్‌కోటే ఒకసారి చూపింది. మేరీ ఆర్డెన్ ఇల్లని తరాల తరబడి చూపించిన కట్టడం పక్కింటి పామర్ కుటుంబానిదని, అసలు ఇల్లు దగ్గరలోని గ్లీబ్ ఫామ్ అని 2000లో పాత రికార్డులు తేల్చాయి. మేరీ గురించి మనకు నిజంగా తెలిసినదేమీ తక్కువ కాదు. 1556లో రాబర్ట్ వీలునామా రాస్తూ ఎనిమిది మంది కూతుళ్ళలో చివరిదైన ఆమెకు ఆస్‌బీస్ అనే భూమిని, దున్ని విత్తిన పైరుతో సహా, ఆరు పౌండ్ల పదమూడు షిల్లింగుల నాలుగు పెన్నీల డబ్బుతో పాటు ఇచ్చాడు. వీలునామా అమలు చేసే బాధ్యతలోనూ ఆమెకు భాగం ఇచ్చాడు. అతని ఆస్తి జాబితాలో ఎడ్లు, ఆవులు, తేనెటీగలు, గోడలకు వేలాడదీసే రంగుల బొమ్మల గుడ్డలు ఉన్నాయి. కలిగిన రైతు ఇల్లు, అంతే. అతని స్నిటర్‌ఫీల్డ్ కౌలుదారు రిచర్డ్ షేక్‌స్పియర్ కొడుకు జాన్‌నే మేరీ పెళ్ళాడింది. విల్మ్‌కోట్‌లో వంశవృక్షం గీసేవాళ్ళు దాన్ని 1501 దగ్గర ఆపాలి. థోర్కెల్ పేరును కర్డ్‌వర్త్‌లో, పార్క్ హాల్‌లో రాయాలి, అక్కడ అతనికి హక్కుంది. ఏ పాత మేనరు కోర్టు చుట్టలోనైనా థామస్ తండ్రి పేరు బయటపడిన రోజున ఆ చెట్టును ఇంకా వెనక్కి పొడిగించవచ్చు.