ఎర్రసిరా దిద్దిన భూతకాలం

హోసూరు ప్రాంతపు బడుల్లో 32 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి. ఆ కాలంలో ఎన్ని సీసాల ఎర్రసిరా ఖర్చు చేశానో లెక్క లేదు. సగానికి సగం రెండు చోట్లే పోయింది. ఒకటి భూతకాలపు క్రియలు, రెండోది సర్వనామాలు. ‘డిగ్’కు భూతకాలం ‘డిగ్డ్’ అని రాసినవాడికి సున్నా. ‘యూ వర్’ అనవలసిన చోట ‘యూ వాజ్’ అన్నవాడికి సున్నాతోపాటు నాలుగు చీవాట్లు.

ఒకనాడు ఎనిమిదో తరగతిలో అలా సున్నా తెచ్చుకున్న కుర్రవాడు లేచి నిలబడ్డాడు. “ఒక్కడైతే ‘వాజ్’, ఎక్కువమంది అయితే ‘వర్’ అని మీరే చెప్పినారు కదా సార్. ఎదురుగా ఉండేది ఒక్కడే అయినప్పుడు ‘యూ వర్’ ఎట్లా అవుతుంది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. “అది అంతే, కూర్చో” అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. ఆ ఏడాది వాడు మరో ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు.

ఉద్యోగ విరమణ అయ్యాక, తీరిక దొరికి ఇంగ్లీషు భాషాచరిత్ర చదువుతుంటే జవాబు కనిపించింది. కనిపించినకొద్దీ నా ఎర్రసిరా మీద నాకే అనుమానం మొదలయింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో, మనకు నువ్వు, మీరు ఉన్నట్టే, ఒక్కడికి ‘దౌ’, పలువురికి ‘యీ’ ఉండేవి. ఈనాటి ‘యూ’ అప్పుడు కర్త కాదు. మిమ్మల్ని, మీకు అనే అర్థంలో వచ్చే రూపం. 13వ శతాబ్దం నుంచి, ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో, గొప్పవాణ్ణి ఒక్కణ్ణయినా బహువచనంలో పిలవడం వచ్చింది. మన ‘మీరు’ లాంటిదే. అయితే మనం మర్యాద నేర్చినా నువ్వును పారేసుకోలేదు. వాళ్ల మర్యాద రానురాను దుకాణదారు దాకా, పనివాడి దాకా దిగింది. చివరికి ‘దౌ’ అన్నది చిన్నవాళ్లకూ, దేవుడికీ, తిట్టుకూ మిగిలింది. 1603లో వించెస్టరులో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో పనిగట్టుకుని ఆయన్ని ‘దౌ’ అన్నాడు. పంచాయితీలో పెద్దమనిషిని ‘ఒరే’ అన్నంత అవమానం అది.

ఈలోగా ‘యూ’ మెల్లగా ‘యీ’ కుర్చీలోకి జరిగింది. 1611 నాటి బైబిలు అనువాదకులు యీ కర్తగా, యూ కర్మగా జాగ్రత్తగా నిలబెట్టారు గాని, జనం నోట అప్పటికే ఆ తేడా చెరిగిపోతోంది. మనలో ఎవరైనా ‘మీరు వచ్చారు’ అనడానికి ‘మిమ్మల్ని వచ్చారు’ అంటే ఏమంటాం? ఇంగ్లీషువాళ్లు సరిగ్గా ఆ పనే చేశారు. ఇవాళ అదే శుద్ధమైన ఇంగ్లీషు.

దీన్ని ఎదిరించినవాళ్లు లేకపోలేదు. 17వ శతాబ్దం మధ్యలో జార్జ్ ఫాక్స్ వెంట నడిచిన క్వేకర్లు, ఒక్క మనిషిని బహువచనంలో పిలవడం అబద్ధమూ ముఖస్తుతీ అని పట్టుబట్టారు. న్యాయాధిపతి ఎదుట కూడా ‘దౌ’ అనే అన్నారు. అందుకు తన్నులు తిన్నారు. 1660లో ఫాక్స్, మరి ఇద్దరు సహచరులు కలిసి, అనేక భాషల్లో ఏకవచనం వేరు, బహువచనం వేరు అని చూపుతూ పెద్ద పుస్తకమే వేశారు. వ్యాకరణం కోసం ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో! తమాషా ఏమిటంటే, తర్వాతి తరాల క్వేకర్లే తమలో తాము ‘దౌ’ వదిలి, దాని కర్మరూపమైన ‘దీ’నే కర్తగా వాడసాగారు.

‘దౌ’ పోయేసరికి, ఎదుట ఒక్కడున్నా పదిమందున్నా ‘యూ’ ఒక్కటే దిక్కయింది. ఈ చిక్కు విప్పుకోవడానికి 18వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్లు, చదువుకున్నవాళ్లు సైతం, ఒక్కడికి ‘యూ వాజ్’, పలువురికి ‘యూ వర్’ అనేవారు. నా శిష్యుడి తర్కమే! 1762లో రాబర్ట్ లౌత్ తన చిన్న వ్యాకరణంలో దాన్ని ఘోరమైన తప్పు అన్నాడు. ఆయన ఆ తర్వాత లండను బిషప్పు అయ్యాడు. 1789లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అదే ‘యూ వాజ్’ను వెనకేసుకొచ్చాడు. నెగ్గింది లౌత్. 1795లో వచ్చిన లిండ్లే మర్రే వ్యాకరణం అలాంటి తీర్పులను బడి బడికీ చేర్చింది. ఆ మర్రే కూడా క్వేకరే కావడం విచిత్రం.

ఇక భూతకాలం సంగతి. పాత ఇంగ్లీషులో ఒకడు రాస్తే ‘వ్రాట్’, పలువురు రాస్తే ‘వ్రిటన్’. (మనం వ్రాయును రాయు చేసి రాతలోనూ వకారాన్ని వదిలేశాం. వాళ్లు నోట వదిలి రాతలో దాచుకున్నారు.) ఇలా లోపలి అచ్చు మారే క్రియలు అప్పట్లో 300కు పైగా ఉండేవి. ఇప్పుడు 70 కూడా లేవు. ‘హెల్ప్’కు ‘హోల్ప్’ ఉండేది, పోయింది. ఏకవచన బహువచన భేదం కూడా ఒక్కొక్క క్రియలోనే అరిగిపోయి, చివరికి వాజ్, వర్ జంటలో మాత్రం మిగిలింది. ఇంగ్లండు పల్లెల్లో ‘వి వాజ్’ అనేవాళ్లు కొత్తగా చేసిన పాపమేమీ లేదు. మిగతా క్రియలన్నింటికీ జరిగినదాన్ని ఈ ఒక్కదానికీ జరిపించారు, అంతే. ‘డిగ్డ్’ అంటారా, 1611 బైబిల్లో ఉన్నది అదే. ‘డగ్’ తర్వాత స్థిరపడింది. నేను సున్నా పెట్టింది బైబిలు భాషకన్నమాట.

ఇదంతా చదువుతుంటే మనసు మన తెలుగు మీదికి పోయింది. పాత తెలుగులో ‘ఏను’ అనేవారు. నన్ను, నాకు అనే రూపాల్లోని నకారం దాన్ని తనవైపు లాక్కుని ‘నేను’ అయింది. ‘ఏము’ మేము అయింది, ‘ఈరు’ మీరు అయింది. ‘యూ’ వచ్చిన దారి అచ్చంగా ఇదే. నన్నయ కాలపు ఉపాధ్యాయుడి చేతిలో ఎర్రసిరా ఉంటే, మన నేనుకు ఎన్ని సున్నాలు పడేవో.

చాలా ఏళ్ల కిందట కోస్తాలో ఒక సాహిత్య సభకు వెళ్లాను. మాటల్లో “ఆయన మంచి పని చేసినాడు” అన్నాను. పక్కనున్నాయన నవ్వి, “మీది అరవ తెలుగండీ” అన్నాడు. నొచ్చుకున్నాను. ఊరికి వచ్చాక ఇంట్లో పిల్లలను కూడా ‘చేశాడు’ అనమని దిద్దాను. చేసిన, వాడు కలిసి చేసినాడు. అందులో అరవం ఏమీ లేదు. రాయలసీమలోనూ అదే మాట. కోస్తావాళ్ల నోట మధ్యనున్న నకారం జారిపోయి ‘చేశాడు’ మిగిలింది. జారవిడిచినవాడు నిలుపుకున్నవాణ్ణి చూసి నవ్వాడు. ఆనాడు ఆ మాట అనడానికి నాకు చదువు చాలలేదు. ఈ వ్యాసం కూడా చేశాడు, అన్నాడు అనే రాస్తున్నానని పాఠకులు గమనించే ఉంటారు. చెయ్యి అలవాటు పడిపోయింది.

మొన్న ఆ పాత శిష్యుడు బస్టాండు దగ్గర కనిపించాడు. ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. తల నెరిసింది. కాఫీ తెప్పించాడు. లౌత్ కథ, క్వేకర్ల తన్నులు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“అట్లయితే ఆ సున్నా వాపసు తీసుకుంటారా సార్?” అన్నాడు.