సుగంధ పూలు, ఆకులు ఎండబెట్టడం

పూలు, ఆకులు, వేళ్లు, పండ్ల తొక్కల్లోని తేమను తీసేసి, వాటి పరిమళం నెలల తరబడి నిలిచేలా దాచుకోవడం, ఆ దినుసులతో నలుగుపిండి, ధూపం పొడి, బట్టల బీరువాలో పెట్టే వాసన సంచుల వంటివి ఇంట్లోనే తయారుచేసుకోవడం ఈ వ్యాస విషయం. ఇప్పుడు దీన్ని ఒక హస్తకళగా నేర్పుతున్నారు గానీ తెలుగు ఇళ్లలో దీనికి విడిగా పేరు పెట్టిన దాఖలా లేదు. పట్టుచీరల మడతల్లో మొగలిరేకు పెట్టడం, కమలా తొక్కలను ఎండేసి సున్నిపిండిలో కలపడం, పొగడపూలను దండగుచ్చి దాచుకోవడం ఇంటి పనుల్లో భాగంగానే సాగిపోయాయి.

ఈ పనిలో మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. తాజాగా ఉన్నప్పుడు గుబాళించే పువ్వుకు ఎండాక కూడా వాసన ఉంటుందన్న హామీ లేదు. చాలామంది మొదటి ప్రయత్నంలోనే విసుగెత్తి వదిలేయడానికి కారణం ఇదే.

వాసన ఎక్కడ దాగి ఉంటుంది

మొక్కల వాసనకు మూలం గాలిలో ఇట్టే ఆవిరయ్యే తైలాలు. తులసి, మరువం, పుదీనా, లావెండర్ కుటుంబానికి చెందిన మొక్కల్లో ఈ తైలం ఆకుల మీద కంటికి ఆనీ ఆనని గ్రంథుల్లో నిండి ఉంటుంది. ఆకు ఎండినా, నలపకపోతే ఆ గ్రంథులు చాలావరకు పగలవు. అందుకే ఎండు మరువం రెమ్మ ఊరకే చూస్తే గడ్డిపరకలా ఉండి, వేళ్ల మధ్య నలపగానే ఘుమఘుమలాడుతుంది. లావెండర్‌లో తైలం ఎక్కువగా ఉండేది ఊదారంగు రేకుల్లో కాదు, వాటిని పట్టి ఉంచే చిన్న గొట్టం లాంటి రక్షకపత్రాల గాళ్లలో. రేకులు రాలిపోయినా పరిమళం పోకపోవడానికి కారణం అదే. ఎండిన లావెండర్ పూలలో నూటికి 1 నుంచి 3 పాళ్ల దాకా తైలం ఉంటుంది.

మల్లె సంగతి వేరు. అది వాసనను కూడబెట్టుకోదు. సాయంత్రం మొగ్గ విచ్చుకునే వేళకు తయారుచేసి అప్పటికప్పుడే గాలిలోకి వదిలేస్తుంది. కోసిన మొగ్గ కూడా రాత్రంతా ఆ పని చేస్తూనే ఉంటుంది. తెల్లారి వాడిన మల్లెదండను ఎండబెడితే మిగిలేది గోధుమరంగు చెత్త. మల్లెలు ఎండబెట్టి సంచుల్లో నింపుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఆ పని ఒక్కసారీ చేసి చూసినట్టు లేరు. ఈ గుణం తెలిసినవాళ్లు మల్లె వాసనను పువ్వులో దాచే ప్రయత్నమే చేయలేదు, మరోదానికి పట్టించారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో నువ్వులను, పూలను పొరలు పొరలుగా పరిచి, పూలు మార్చి మార్చి, చివరకు ఆ నువ్వులను గానుగాడి తలనూనె తీసేవారు. చైనాలోని ఫూజౌలో తేయాకుకూ ఇదే ఉపాయం. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో కొవ్వు పూసిన గాజు పలకల మీద మల్లెజాతి పూలు పరిచి వాసన లాగేవారు.

గులాబీ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఒక కిలో గులాబీ తైలానికి సుమారు 3 నుంచి 4 టన్నుల పూలు కావాలంటే రేకులో ఉన్న తైలం ఎంత తక్కువో ఊహించవచ్చు. అయినా నాటు గులాబీని, అంటే పన్నీరుకు వాడే లేతగులాబీ రంగు రకాన్ని, జాగ్రత్తగా నీడన ఆరబెడితే సన్నని తీపి వాసన నిలుస్తుంది. బొకేల్లో కట్టే పొడుగుకాడల గులాబీల్లో చాలా రకాలకు తాజాగా ఉన్నప్పుడే వాసన అంతంతమాత్రం. వాటిని రంగు కోసం వాడుకోవాలి.

పూలలో నిజంగా నమ్మదగినవి పొగడ, నాగకేసరం. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పొగడపూలు ఎండి ముదురు గోధుమరంగుకు తిరిగాక కూడా నెలల తరబడి పరిమళిస్తాయి. ఆకుల్లో దవనం, మరువం, మాచిపత్రి, నిమ్మగడ్డి మంచివి. వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి, మరువాలను పూజ అయ్యాక నిమజ్జనానికి పంపకుండా రెండు రెమ్మలు నీడన వేలాడదీస్తే బట్టల మధ్యకు పనికొస్తాయి. చైత్రమాసంలో దేవుళ్లకు దవనంతో పూజ చేసే ఆచారం ఉంది. ఆ రోజుల్లో మార్కెట్లో దవనం కట్టలు దొరకడమే కాదు, గాలి కూడా పొడిగా ఉంటుంది.

వేళ్లు వీటన్నిటికన్నా గట్టివి. వట్టివేరు తైలంలోని పదార్థాలు బరువైనవి కాబట్టి మెల్లగా ఆవిరవుతాయి. ఏళ్లు గడిచిన వట్టివేళ్ల తడికె మీద నీళ్లు చల్లినా వాన పడ్డ మట్టి వాసన లేస్తుంది. తుంగముస్తలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు కూడా ఈ కోవలోనివే. పచౌలి ఆకులది మరో విచిత్రం. పచ్చిగా ఉన్నప్పటి కన్నా ఎండబెట్టి కొంతకాలం మగ్గనిచ్చాక వాసన పెరుగుతుంది. 19వ శతాబ్దంలో యూరప్‌కు పంపే కశ్మీరు శాలువల మధ్య పురుగు పట్టకుండా ఈ ఆకులే పెట్టేవారు. ఆ వాసన ఉంటేనే అసలు శాలువ అని అక్కడి కొనుగోలుదార్లు నమ్మేదాకా పోయింది.

పాత సంగతులు

కామసూత్రంలో చెప్పిన 64 కళల్లో గంధయుక్తి, అంటే సుగంధ ద్రవ్యాలను కలిపే విద్య, ఒకటి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఈ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. అందులో 16 ద్రవ్యాల జాబితా ఇచ్చి, నాలుగేసి చొప్పున ఏరితే 1820 రకాల జతలు వస్తాయని లెక్క చెప్పాడు. గణిత చరిత్రకారులు ఈ లెక్క కోసం ఆ అధ్యాయాన్ని తిరగేస్తారు. మన విషయానికి పనికొచ్చేది ఆ జాబితా. అందులో తుంగముస్తలు, వట్టివేరు, కచ్చూరం, అగరు, చందనం, నాగకేసరం ఉన్నాయి. మల్లె లేదు. ఎండినా వాసన పోనివి ఏవో ఆనాటికే తేల్చుకున్నారన్నమాట.

ఈజిప్టులో హవారా సమాధుల దగ్గర పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ 1888లో బయటపెట్టిన పూలదండల్లో గులాబీలు గుర్తుపట్టేలా నిలిచి ఉన్నాయి. ఎడారి పొడిగాలి చేసిన పని అది. యూరప్ ఇళ్లలో గదికి సువాసన కోసం గిన్నెలో పోసి ఉంచే ఎండుపూల మిశ్రమాన్ని పాట్‌పూరీ అంటారు. ఈ ఫ్రెంచి మాటకు అర్థం ‘కుళ్లిన కుండ’. పాత పద్ధతిలో గులాబీ రేకులను సగం ఆరబెట్టి, ఉప్పుతో పొరలుగా జాడీలో వేసి, మన ఆవకాయ మాదిరిగా వారాల తరబడి ఊరబెట్టేవారు. చూడ్డానికి బాగుండదు కాబట్టి మూతకు చిల్లులున్న పింగాణీ పాత్రల్లో ఉంచేవారు. ఇప్పుడు దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేదాంట్లో చాలాభాగం రంగు వేసిన చెక్కపొట్టు, కృత్రిమ సెంటు.

ఆరబెట్టే తీరు

కోయడానికి తగిన వేళ ఉదయం, మంచు ఆరాక, ఎండ ముదరక ముందు. ఆకులనైతే మొక్క పూతకు వచ్చే ముందు కోస్తే తైలం ఎక్కువ. పూలు పూర్తిగా విప్పారక ముందే కోయాలి. వాన వెలిసిన రోజు కోసినవి బూజు పడతాయి.

ఎండబెట్టడం అన్న మాటే ఇక్కడ కాస్త తప్పుదారి పట్టిస్తుంది. మిరపకాయలనూ వడియాలనూ ఎండలో పోసినట్టు వీటిని పోయకూడదు. ఎండకు రంగు వెలుస్తుంది, తైలం ఎగిరిపోతుంది. కావలసింది నీడ, కదిలే గాలి, 35 నుంచి 45 డిగ్రీలకు మించని వేడి. తొక్కలు, వేళ్లు మాత్రం కొంత ఎండను తట్టుకుంటాయి.

గులాబీ రేకులను తీసుకుందాం. పువ్వును తలకిందులుగా పట్టుకుని తొడిమను తిప్పితే రేకులన్నీ ఒక్కసారిగా విడిపోతాయి. నలిగినవి, మచ్చపడినవి ఏరేయాలి. నులక మంచం మీద పల్చని పాత పంచె పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా రేకులు వేయాలి. గాలి కింది నుంచీ తగలాలి కాబట్టే మంచం. నేల మీద పరిస్తే అడుగు రేకులు చెమ్మగిల్లి నల్లబడతాయి. మొదటిరోజు రెండు మూడుసార్లు తిరగేయాలి. రెండోరోజుకు అంచులు ముడుచుకుంటాయి, ఎరుపు రంగు వంకాయ రంగులోకి దిగుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పిడికిట పట్టి వదిలితే గలగలమంటాయి. తాజా రేకుల్లో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. కిలో రేకులకు చేతికొచ్చేది 150 నుంచి 200 గ్రాములు.

గలగలమన్నంత మాత్రాన డబ్బాకెత్తకూడదు. ఆరాయనుకున్న రేకులను గాజుసీసాలో పోసి, మూత బిగించి ఒక రాత్రి ఉంచాలి. తెల్లారి సీసా లోపలి గోడకు మసక పట్టి ఉంటే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. మళ్లీ మంచం మీదికి.

మరువం, దవనం, తులసి రెమ్మలను పదేసి కాడలు కట్టగా కట్టి తలకిందులుగా వేలాడదీస్తారు. దారం కన్నా రబ్బరు బ్యాండు మేలు. ఎండేకొద్దీ కాడలు సన్నబడి దారం వదులవుతుంది, నడిరాత్రి కట్టంతా కింద పడుతుంది. ఎండాక ఆకులను కాడనుంచి దూసి అలాగే దాచాలి. పొడి చేసేది వాడేరోజునే.

పువ్వు ఆకారం చెడకూడదనుకుంటే సిలికా జెల్ గుళికల్లో పూడ్చిపెడతారు. పువ్వు మందాన్ని బట్టి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. తేమను చూపడానికి నీలిరంగు వేసిన గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థం. నారింజ రంగు రకం తీసుకోవాలి. ఎలాంటి సిలికాలో ఆరిన పూలైనా అలంకారానికే, ఒంటికి రాసుకునే పొడుల్లోకి కాదు. గునుగు, వాడామల్లి, కోడిజుట్టు పువ్వులకు ఇంత హంగామా అక్కర్లేదు. వాటి రేకులు పుట్టుకతోనే కాగితంలా ఉంటాయి. కట్ట కట్టి వేలాడదీస్తే రంగు చెదరదు. వాసన లేకపోయినా గిన్నెకు నిండుదనం తెచ్చేవి ఇవే.

తెలుగునేల మీద ఈ పనికి అనువైన కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాకా. రాయలసీమ, తెలంగాణ గాలి పొడిది. కోస్తాలో ఏ కాలంలోనైనా ఉక్క తప్పదు కాబట్టి ఫ్యాను కింద ఆరబెట్టడమే దారి. శ్రావణ భాద్రపదాల్లో పూజపూలు ఇంటినిండా ఉంటాయి, ఆరబెట్టే వీలు మాత్రం ఉండదు.

తయారీలు

నలుగుపిండి పాళ్లు ఇంటింటికీ మారతాయి. సాధారణంగా కిలో పెసలకు పావుకిలో పచ్చిశనగపప్పు, గుప్పెడేసి ఎండు గులాబీ రేకులు, కమలా తొక్కలు, కచ్చూరాలు, కొద్దిగా కస్తూరి పసుపు, వట్టివేరు వేసి మరపట్టిస్తారు. బావంచాలు వేసే అలవాటూ ఉంది. వాటిలోని సోరాలెన్ అనే పదార్థం వల్ల చర్మం ఎండకు కమిలే ప్రమాదం ఉంది. పసిపిల్లలకు వాడే పిండిలో వాటిని మానేయడం మంచిది.

వాసన సంచికి పల్చని నూలుగుడ్డ చాలు. మూడు వంతులు ఎండు ఆకులు, ఒక వంతు రేకులు, వాసనను పట్టి ఉంచడానికి ఏదో ఒక ‘ఆధారం’ ఉండాలి. యూరప్‌లో దీనికి ఐరిస్ మొక్క దుంపను ఏళ్ల తరబడి మగ్గబెట్టి పొడిచేసి వాడతారు. దాన్ని తెప్పించుకోనక్కర్లేదు. సాంబ్రాణి పొడి, కత్తిరించిన వట్టివేరు, గంధపు పొట్టు అదే పని చేస్తాయి. కలిపిన మిశ్రమాన్ని మూతపెట్టిన సీసాలో నెల నుంచి నెలన్నర ఉంచితే విడివిడి వాసనలు ఒకటిగా కలుస్తాయి. ఈ ఓపిక లేక చాలామంది కొన్న సెంటు చుక్కలు వేస్తారు. అప్పుడిక ఇంత శ్రమపడి ఎండబెట్టడం ఎందుకో అర్థం కాదు.

ధూపం పొడికి ఎండిన పూజపూలు కూడా పనికొస్తాయి. ఆలయాల స్థాయిలోనూ ఈ పని జరుగుతోంది. తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాల్లో వాడిన పూలతో చేసిన అగరుబత్తీలను 2021 సెప్టెంబరులో ఏడుకొండలకు గుర్తుగా ఏడు పేర్లతో విడుదల చేసింది. తిరుపతిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం సాయంతో ఎండుపూలతో స్వామివారి చిత్రపటాలూ చేయించింది. ఇంట్లో చేసేటప్పుడు దారాలు, జరీ పోగులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరేయాలి. గన్నేరు, ఉమ్మెత్త పూలు విషపూరితాలు కాబట్టి వాటిని పొగవేసే పొడిలో కలపనే కూడదు. బజారు పూల మీద పురుగుమందులుంటాయి. ఒంటికి రాసుకునే పిండికి ఇంటిపెరటి పూలే వాడాలి.

నిల్వ

వెలుతురు, వేడి, తేమ మూడూ శత్రువులే. ముదురు రంగు గాజుసీసా ఉత్తమం. పల్చటి పాలిథిన్ కవరులోంచి వాసన మెల్లగా బయటికి పోతుంది. ఎండురేకుల్లో చిన్న గోధుమరంగు పెంకుపురుగు చేరితే రేకులకు సన్నని చిల్లులు, సీసా అడుగున పొడి కనిపిస్తాయి. కొత్తగా ఎండిన సరుకును సీసాతో సహా వారంపాటు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు, లేకపోతే చెమ్మ పడుతుంది.

గులాబీ రేకులు ఏడాది, ఆకులు ఏడాది నుంచి ఏడాదిన్నర బాగుంటాయి. సంచిలో వాసన తగ్గిందనిపిస్తే పారేసేముందు పైనుంచే వేళ్లతో గట్టిగా నలపాలి. ఆకుల్లో మిగిలిన తైలం అప్పుడు బయటికొస్తుంది. రేకులకు ఈ చిట్కా పనిచేయదు. వట్టివేరుకైతే నాలుగు చుక్కల నీళ్లు చాలు.