కథేముంది అందులో?

చిన్న ప్రేమకథా సినిమా ఏదొచ్చినా మనవాళ్ళ నోట వినబడే మాటలు మూడే మూడు. ఒకటి: "బానే ఉంది గానీ కథేముంది అందులో?" రెండు: "మనింట్లో జరిగినట్టే ఉంది." మూడు: "క్లాస్ సినిమా అండీ, బీ, సీ సెంటర్లలో ఆడదు."

పాతికేళ్ళ నుంచీ ఇవే వింటున్నాను. ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, క్యాబుల్లో విన్నాను, ఇప్పుడు బౌరంపేట్‌లో మా అపార్టుమెంటు లిఫ్టులో వింటున్నాను. మొదటి రెండూ సినిమా చూసినవాళ్ళ మాటలే, పేచీ లేదు. మూడోది మాత్రం ప్రేక్షకుడి అభిప్రాయం కాదనీ, ప్రేక్షకుడి పేరు మీద ఇంకెవరో చెప్పిన మాట అనీ నా వాదన. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి.

నవ్విస్తూ సాగే ప్రేమకథలు మనకి కొత్తేం కాదు. 1955లో 'మిస్సమ్మ' ఉంది, 1984లో జంధ్యాల 'శ్రీవారికి ప్రేమలేఖ' ఉంది. కాకపోతే వాటి వెనక విజయా వారు, ఉషాకిరణ్ వారు ఉన్నారు. నేను చెప్పేది ఏ అండా లేకుండా బయట్నుంచి వచ్చినవాళ్ళ సినిమాల సంగతి.

1998 నవంబర్లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే సంవత్సరం 'హైదరాబాద్ బ్లూస్' వచ్చింది. తీసిన నగేష్ కుకునూర్ ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ఉద్యోగం చేసినాయన. పదిహేడు లక్షల్లో, పదిహేడు రోజుల్లో తీశాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. పన్నెండేళ్ళ తర్వాత అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాడు, ఇక్కడి ఓ డాక్టరమ్మాయి, చుట్టూ పెళ్ళి గోల. ఆ వేషం కూడా ఆయనే వేశాడు. ఇంగ్లీషు, మధ్యమధ్యలో తెలుగు, హైదరాబాదీ హిందీ. మనం ఫ్రెండ్స్‌తో నిజంగా ఎలా మాట్లాడతామో అలాగే. అప్పట్లో మా బ్యాచ్‌లో దాన్ని మెచ్చుకున్నవాళ్ళెవరూ కథ గురించి మాట్లాడలేదు. "అరె, అచ్చం మనలాగే మాట్లాడుతున్నార్రా" అన్నారు. ఈ 'మనలాగే' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

తర్వాత శేఖర్ కమ్ముల. ఈయనా మన బాపతే. సీబీఐటీలో ఇంజనీరింగ్, అమెరికాలో కంప్యూటర్ సైన్సు, కొన్నాళ్ళు ఉద్యోగం, ఆపైన సినిమా చదువు. 'డాలర్ డ్రీమ్స్'కి తొలి సినిమా దర్శకులకిచ్చే జాతీయ అవార్డు వచ్చింది. 2004 అక్టోబరు 15న 'ఆనంద్' విడుదలైంది. 'శంకర్ దాదా ఎంబీబీఎస్' వచ్చిందీ ఆ రోజే! చిరంజీవి సినిమా పక్కన, పెద్దగా పేరులేని హీరోతో, పెళ్ళి దాకా వచ్చిన సంబంధాన్ని కాదని బయటికొచ్చేసిన ఓ అమ్మాయి కథ. పోస్టర్ మీద 'మంచి కాఫీ లాంటి సినిమా' అని రాసుకున్నారు. మెల్లగా మొదలై, ఆ నోటా ఈ నోటా పాకి హిట్టయింది. శేఖర్‌కి ఉత్తమ దర్శకుడిగా, కమలినీ ముఖర్జీకి ఉత్తమ నటిగా నందులు కూడా వచ్చాయి.

మూడో మాట బాగా ఊపందుకుంది కూడా ఈ సినిమాతోనే అని నాకనిపిస్తుంది. ప్రసాద్ ఐమాక్స్ 2003 జులైలో తెరిచారు. 'ఆనంద్' హిట్టవగానే, అది మల్టీప్లెక్సు వాళ్ళకీ, సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ, అమెరికా వాళ్ళకీ పనికొచ్చే సినిమా అని ముద్ర వేసేశారు.

అసలు ఏ, బీ, సీ సెంటర్లన్నది ఎవరి లెక్క? పంపిణీదారులది. ఊరి సైజుని బట్టి, వసూళ్ళని బట్టి వాళ్ళు వేసుకున్న గీతలవి. నిజాం పాలన 1948లోనే పోయినా సినిమా వ్యాపారంలో మన ప్రాంతం ఇంకా 'నైజాం'గానే ఉంది. అంటే ఒకసారి గీసిన గీతని వీళ్ళు అంత తేలిగ్గా చెరపరన్నమాట. వ్యాపారానికి ఏదో ఒక లెక్క ఉండాలి, కాదనను. కానీ 'ఆడదు' అని ముందే తీర్మానించి ఆ ఊళ్ళో బొమ్మే వెయ్యకపోతే, 'చూశారా, ఆడలేదు' అనడంలో అర్థమేముంది? టెస్ట్ రన్ చెయ్యకుండానే రిపోర్టులో ఫెయిల్ అని రాసేసినట్టు :)

2008లో మోహనకృష్ణ ఇంద్రగంటి 'అష్టా చమ్మా' తీశాడు. నాని హీరోగా తొలి సినిమా. ఆస్కార్ వైల్డ్ 1895 నాటి నాటకాన్ని తెచ్చి, మహేష్ బాబంటే పిచ్చి ఉన్న అమ్మాయి మెడలో వేశాడు. పెళ్ళాడితే మహేష్ అన్న పేరున్నవాడినే పెళ్ళాడతానంటుంది. ఇంగ్లీషు నాటకం అంటే అంతకన్నా 'క్లాస్' ఏముంటుంది? అయినా చూసినవాళ్ళు ఎవరూ నాటకం గురించి అడగలేదు. సినిమా హీరో అంటే పడిచచ్చే అమ్మాయి ప్రతి వీధిలోనూ ఉంటుంది, అది చాలు.

ఇక 2016 జులై 29, 'పెళ్ళిచూపులు'. తరుణ్ భాస్కర్ మొదటి సినిమా. పొరపాటున వేరే ఇంటికి పెళ్ళిచూపులకి వెళ్ళిన కుర్రాడు, ఆ అమ్మాయితో కలిసి ఫుడ్ ట్రక్ పెడతాడు. సింక్ సౌండ్‌లో తీశారు. అంటే డబ్బింగ్ థియేటర్లో కాకుండా షూటింగులో మాట్లాడిన మాటలే మనకి వినబడతాయి. తడబాట్లూ, నసుగుళ్ళూ అన్నీ ఉంటాయి. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగానే కాక, మాటలకి కూడా జాతీయ అవార్డు వచ్చింది. కథేముంది అన్న సినిమాకి మాటల అవార్డు!

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. 'ఆనంద్' వచ్చిన నాటికి బౌరంపేట్ రంగారెడ్డి జిల్లాలో ఓ పల్లె. 'పెళ్ళిచూపులు' వచ్చిన రెండున్నర నెలలకి మేడ్చల్ జిల్లాలోకి మారింది. ఇప్పుడు పాత ఊరు ఓ పక్క, మాలాంటి వాళ్ళ అపార్టుమెంట్లు, విల్లాలు ఓ పక్క. ఊళ్ళో ఓ కిరాణం దుకాణం ఆయన సినిమా పిచ్చోడు. సాయంత్రం పాలకి వెళ్తే ముచ్చట తెగదు. ఓసారి కావాలనే అడిగాను, "అన్నా, ఆనంద్ నచ్చిందా, పెళ్ళిచూపులు నచ్చిందా?" అని.

"రెండు మంచిగనే ఉంటయి సార్. కానీ ఆనంద్‌ల ఆ ఇండ్లు మస్తు సాఫ్‌గుంటయి. సుట్టాలింటికి పోయి కూసున్నట్టుంటది, కాలు జాపబుద్ధి కాదు. గీ పెళ్ళిచూపులల్ల దోస్తుగాడు లేడా, వాడు మాట్లాడ్తుంటే మావోడు అర్ర మీద కూసోని మాట్లాడ్తున్నట్టుంటది."

ఇంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు. ఆయనకి 'ఆనంద్' అర్థం కాకపోవడమేం లేదు. అందులో ఆయన చుట్టం, అంతే. పద్మారావు నగర్ ఇల్లు చూసి 'మనింట్లోలాగే ఉంది' అన్నది నేను. ఆ 'మన'లో ఆయన లేడన్న సంగతి ఆయన చెప్తే గానీ తట్టదు. తెలంగాణ యాసని చాలాకాలం మన సినిమాల్లో రౌడీకో కమెడియన్‌కో కట్టబెట్టారు. ప్రియదర్శి చేసిన స్నేహితుడి పాత్ర కూడా నవ్వించేదే. కానీ నవ్వు వాడి మాటలకి వస్తుంది, వాడి యాసకి కాదు. ఈ తేడా దుకాణం ఆయనకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

మరుసటి ఏడాదే, 2017 జులైలో, శేఖర్ కమ్ముల 'ఫిదా'తో వచ్చాడు. దిల్ రాజు నిర్మాత కాబట్టి దీన్ని చిన్న సినిమా అనలేం. కానీ బాన్సువాడ భానుమతి తన యాసలోనే హీరోయిన్ అయింది. సాయిపల్లవి తన డబ్బింగ్ తనే చెప్పుకుంది. పల్లెల్లోనూ ఆడింది, అమెరికాలోనూ ఆడింది. దర్శకుడు అదే మనిషి, అదే నిదానం. మారిందల్లా ఎవరి ఇంట్లో కథ జరిగిందన్నదే.

కాబట్టి నా లెక్క ఇదీ. "కథేముంది" అన్నవాడు నిజంగా అడుగుతున్నది "ఇందులో నేనెక్కడ?" అని. "మనింట్లోలాగే ఉంది" అన్నవాడికి ఆ జవాబు దొరికేసింది. "బీ, సీ సెంటర్లలో ఆడదు" అన్నవాడు మాత్రం తన సంగతి చెప్పడం లేదు, తను ఎప్పుడూ అడగని మనిషి తరఫున చెప్తున్నాడు. ఆ ఒక్క మాట మీదే ఎన్ని థియేటర్లివ్వాలి, ఎన్ని వారాలుంచాలి అన్నవి తేలిపోతాయి. 'ఆనంద్'కి పాకడానికి టైము దొరికింది. ఈ రోజు చిన్న సినిమాకి ఆదివారం సాయంత్రానికే లెక్క తేల్చేస్తున్నారు. నోటి మాట మియాపూర్ దాటి బౌరంపేట్ చేరేసరికి బొమ్మ ఎత్తేస్తారు.

ఈసారి ఎవరైనా మీతో మూడో మాట అంటే, "మీకు నచ్చిందా?" అని అడిగి చూడండి. నేనడిగినవాళ్ళలో చాలామంది "నాకైతే నచ్చింది" అనే అన్నారు.