ముందు వెళ్లినవాడి గది: సంగారెడ్డి దారిలో చౌక ప్రయాణాల చరిత్ర

తెలుగువాళ్లు తక్కువ డబ్బుతో దేశాలు తిరగడం మీద ఈమధ్య వస్తున్న వ్యాసాలు దాదాపు ఒకే కథ చెబుతున్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రతో మొదలవుతాయి. అక్కడినుంచి ఒక్క దూకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కాలానికి వచ్చి, వీపున సంచి, చేతిలో ఫోను ఉన్న యువకుడి దగ్గర ఆగుతాయి. మధ్యలో నూట డెబ్బై ఏళ్లు ఖాళీ. ఆ కాలమంతా మనవాళ్లు ఇల్లు కదలలేదన్నట్టు, కదిలినా పరాయి ఊళ్లో ఎక్కడ పడుకున్నారన్నది అడగదగిన ప్రశ్న కానట్టు రాస్తున్నారు. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు నుంచి చూసినప్పుడు ఈ కథ నాకు నమ్మబుద్ధి కాలేదు.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పొట్టలకెరె పేరుతో కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే ఊరే పటాన్‌చెరు అని చరిత్రకారులు చెబుతారు. అంటే వెయ్యేళ్ల కిందటే ఇది దారిమీది ఊరు. గోల్కొండ నుంచి పడమటికి పోయే బాట మీద, కోట దాటగానే, కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. రెండంతస్తుల కట్టడం, వరుస గదులు, పశువులను కట్టేసే చోటు. ఇవాళ పాత బొంబాయి రోడ్డు అని మనం పిలిచేది ఆ బాటనే. అదే లింగంపల్లి, రామచంద్రాపురం, పటాన్‌చెరు మీదుగా సదాశివపేట, జహీరాబాద్ వైపు సాగిపోతుంది.

ఆ పాత కాలపు పరదేశుల్లో నాకు ముఖ్యుడు అఫనాసి నికితిన్. 1470 ప్రాంతంలో బీదర్ చేరిన ఈ రష్యా వర్తకుడి దగ్గర అమ్ముకోవడానికి ఒక గుర్రం తప్ప పెద్ద సరుకేమీ లేదు. బీదర్‌లో నెలల తరబడి ఉన్నాడు. అక్కడి హిందువులతో స్నేహం కుదిరాక, వాళ్లతో కలిసి శివరాత్రికి పర్వతం వెళ్లాడు. అది శ్రీశైలమేనని పరిశోధకులు గుర్తించారు. డబ్బులేని పరదేశి, భాష రాని నేల, అయినా నెల రోజుల నడక సాగిందంటే దానికి ఆధారం ఆ స్నేహమే. ఈ వ్యాసమంతటా నేను వెతుకుతున్నది ఆ ఆధారాన్నే.

ఇక వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, సత్రం ఉందా లేదా అని రోజురోజుకూ రాసిపెట్టిన ఆయన పుస్తకం నిజంగా అమూల్యం. కానీ ఆయన మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ. పల్లకీ బోయీలు, డేరాలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. చౌక ప్రయాణానికి ఆయన్ని ఆద్యుడంటే సరిపోదు.

పాశ్చాత్యుల సంగతీ క్లుప్తంగానే చెబుతాను. 1912లో జర్మనీలో అల్టెనా కోటలో తొలి యూత్ హాస్టల్ వచ్చింది. 1960లు, 70లలో యూరప్ యువత ఇస్తాంబుల్, కాబుల్ మీదుగా ఢిల్లీ, ఖాట్మండు, గోవా చేరుకుంది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాక ఆ దారిని మూసేశాయి. దక్కన్ పీఠభూమి ఆ దారికి ఎడంగా ఉండిపోయింది. 1972లో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ పటాన్‌చెరుకు ప్రపంచ శాస్త్రవేత్తలను తెచ్చింది గాని, వాళ్ల బస క్యాంపస్ లోపలే. ఊరికి వాళ్లతో పొత్తు తక్కువ.

ఇక ఆ కథలోని ఖాళీలు. మొదటిది, అసలైనది, హజ్ యాత్రికులది. నిజాం రాజ్యపు ప్రజల కోసం మక్కాలో, మదీనాలో రుబాత్‌లు ఉండేవి. రుబాత్ అంటే యాత్రికుల ఉచిత బస కోసం వక్ఫ్ చేసిన ఇల్లు. వీటి గురించి రాసినవాళ్లు నిజాముల దాతృత్వం అనే పద్దులోనో, మత చరిత్ర అనే పద్దులోనో వేశారు. ప్రయాణ చరిత్ర రాసేవాళ్లు ముట్టుకోనే లేదు. ఎందుకని అడిగితే, అది తీర్థయాత్ర, దేశాటన కాదంటారు. మరి కాశీయాత్ర ఏమిటి? మద్రాసు నుంచి కాశీకి పోయినదాన్ని తెలుగు యాత్రా చరిత్రకు తొలి మెట్టుగా ఒప్పుకున్నప్పుడు, సంగారెడ్డి నుంచి మక్కాకు పోయినదాన్ని పక్కన పెట్టడానికి నాకు కారణం కనిపించదు. పైగా ఇందులో సముద్రం ఉంది, పరాయి ప్రభుత్వం ఉంది, పరాయి నాణెం, పరాయి భాష ఉన్నాయి. విదేశీ ప్రయాణానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ ప్రయాణం ఎలా సాగేదో చూడండి. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం వచ్చాక, ఈ ప్రాంతపు యాత్రికుడు లింగంపల్లి, శంకర్‌పల్లి వైపు వెళ్లి రైలెక్కితే చాలు, బొంబాయి అందుబాటులోకి వచ్చేది. బొంబాయిలో ఓడ కోసం ఎదురుచూసే రోజుల్లో యాత్రికుల వసతి గృహం, అంటే ముసాఫిర్‌ఖానాలో చోటు. పాస్‌పోర్టుకు బదులు పిల్‌గ్రిమ్ పాస్. ఓడలో పేదవాడి చోటు డెక్కు మీద: సొంత చాప, సొంత గిన్నెలు, వెంట తెచ్చుకున్న బియ్యం, పప్పు. జిద్దాలో దిగి మక్కా చేరాక రుబాత్. అంటే ఇంటి గడప నుంచి గమ్యం దాకా పడుకునే చోట్లు గొలుసులా అమరి ఉన్నాయి. ఇవాళ యువకులు వారాలు కూర్చుని ఫోనులో అమర్చుకునేది కూడా ఇదే గొలుసు. ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయింది. రుబాత్ మాత్రం ఆగలేదు.

ఇక్కడ కొన్ని మినహాయింపులు చెప్పాలి. ఈ ఏర్పాటు ముస్లింలకే. వాళ్లలోనూ ఓడ ఛార్జీ కట్టగలిగిన వాళ్లకే. తిరుగు ఛార్జీ లేక జిద్దాలో చిక్కుకుపోయిన బీద యాత్రికులు ఎంత ఎక్కువంటే, 1920లలో బ్రిటిష్ ప్రభుత్వం తిరుగు టికెట్టో ధరావతో తప్పనిసరి చేయాల్సి వచ్చింది. మక్కాలోని పెద్ద మసీదు విస్తరణలో పాత రుబాత్ భవనాలు కూడా పోయాయి. ఇప్పుడున్న చోటు అడిగేవాళ్లందరికీ చాలదు. అందుకే చీటీలు తీసి ఎంపిక చేస్తారు.

అయినా ఒక్క సంగతి నన్ను ఆపేస్తుంది. హైదరాబాద్ రాజ్యం 1948లో పడిపోయింది. 1956లో ఆ నేల మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసింది. రుబాత్ అర్హత మాత్రం ఇప్పటికీ ఆ పాత పటం ప్రకారమే. ఔరంగాబాద్ యాత్రికుడు, గుల్బర్గా యాత్రికుడు, సంగారెడ్డి యాత్రికుడు మక్కాలో పడక కోసం ఒకే వరుసలో నిలుస్తారు. మ్యాపుల్లో లేని రాజ్యం ఒక పడక హక్కుగా మిగిలింది. ప్రయాణ చరిత్రలో చేర్చడానికి దీనికంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

రెండో ఖాళీ గల్ఫ్ వలసది. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి. కరీంనగర్, నిజామాబాద్‌లంత కాకపోయినా, ఉమ్మడి మెదక్ పల్లెలు కూడా ‘దుబాయి పోవుడు’ నేర్చాయి. ఏజెంటు పిలుపు కోసం బొంబాయిలో వారాల తరబడి కాచుకునేటప్పుడు తెలుగువాళ్ల గదులే దిక్కు. ఆ గదులకూ పాత పునాది ఉంది. కామాఠీపురా అనే పేరే తెలంగాణ నుంచి పోయి బొంబాయి కట్టిన కామాటీల వల్ల వచ్చింది. దుబాయిలో దిగాక కంపెనీ వీసా ఉన్నవాడికి క్యాంపు. ఏ కంపెనీకీ కట్టుబడని ఆజాద్ వీసా మీద పోయినవాడికి ఊరివాడి రూము. ఒకరి మంచం మీద ఒకరు పగలు, ఒకరు రాత్రి. కూరలకు వంతులు, అద్దెకు వాటాలు. దీన్ని దేశాటన అనను. అప్పు తీర్చడానికి పోయినవాడి కష్టాన్ని సరదా ప్రయాణం పక్కన కూర్చోబెట్టడం తప్పు. కానీ పరాయి దేశంలో అతి తక్కువ ఖర్చుతో ఎలా బతకాలో తెలుగువాళ్లకు నేర్పిన బడి అదే. తరువాత అమెరికా వెళ్లిన విద్యార్థి మొదటి రెండు వారాలు సీనియర్ల హాలులో దుప్పటి పరుచుకుని పడుకోవడం కూడా ఆ పద్ధతే. ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు.

ఇవాళ్టి సంగతి. దారి బాగుపడింది, ఇది ఒప్పుకోవాలి. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రోడ్డు రవాణా సంస్థకు వారసులైన బస్సులు 218, 219 నంబర్లతో పటాన్‌చెరు వస్తున్నాయి. 2017 నుంచి మియాపూర్‌కు మెట్రో ఉంది. అక్కడినుంచి ఇస్నాపూర్, పాశమైలారం దాకా షేర్ ఆటో. చేరుకోవడం ఇంత చౌకగా ఎన్నడూ లేదు.

ఉండటానికే చోటు లేదు. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లో అతని వివరాల ఫారం అధికారులకు పంపాలన్న నిబంధన వల్ల చిన్న లాడ్జీ వాళ్లు అతన్ని చూడగానే గది లేదంటారు. భద్రత కోసం నిబంధన అవసరమే. ఆ ఫారం నింపడం చిన్న లాడ్జీ వాళ్లకు ఎవరూ నేర్పకపోవడం మన లోపం. 1796లో కట్టిన సంగారెడ్డి జైలును 2016లో మ్యూజియం చేసి, రోజుకు 500 రూపాయలకు ఖైదీలా గడిపే ఏర్పాటు చేశారు. ఇద్దరు మలేషియా వాళ్లు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లారు. ఆ ప్రయత్నాన్ని తక్కువ చేయను, పాత కట్టడం బతికింది. కానీ వింత అనుభవం అమ్మడం వేరు, బాటసారికి పడక ఇవ్వడం వేరు. సరాయి కట్టిన నేల మీద రెండోది తగ్గిపోవడం నాకు కష్టంగా ఉంది.

పాత పద్ధతి పూర్తిగా బతికి ఉన్నది పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న రేకుల గదుల వరుసల్లో. ఒడిశా, బిహార్ నుంచి రైలు దిగిన కుర్రాడు అడ్రసు అడగడు, తన ఊరివాడి పేరు అడుగుతాడు. గాలి ఆడని ఆ గదులను నేను మెచ్చుకోవడం లేదు. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి గాని వాళ్లు పడుకునే చోటు బాధ్యత ఎవరికీ పట్టలేదు. ఆ బాధ్యతను ముందు వచ్చిన పేదవాడే మోస్తున్నాడు.

ఈ చరిత్ర అచ్చు పుస్తకాల్లో లేదు, ఇళ్లలో ఉంది. మీ ఇంట్లో తాతల నాటి పిల్‌గ్రిమ్ పాస్, ఓడ టికెట్టు, బొంబాయి గది చిరునామా రాసిన చీటీ, దుబాయి నుంచి వచ్చిన ఉత్తరం ట్రంకుపెట్టె అడుగున ఉంటే దయచేసి పారేయకండి. వెనక వైపు ఎవరిదో, ఏ ఊరిదో పెన్సిలుతో రాసి పెట్టండి.